కాయ కొట్టని గోల్‌కీపరు

కోడూరు,
ఆగస్టు 18.

ఏమండీ,

ఈ ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరూ బాగున్నారు. గేదె ఈనింది, పెయ్యదూడ.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని మీ హాస్టల్లో వాళ్ళు నవ్వుతారేమో. నవ్వితే నవ్వనివ్వండి. మీ క్లబ్బువాళ్ళు వారమంతా మీ ఫోన్లు తీసుకుని దాచేసి ఆదివారం సాయంత్రం కాసేపు ఇస్తారు. మీరు అత్తయ్యగారి ఫోనుకి చేస్తారు. ఆవిడ స్పీకరు పెట్టి మంచం మీద పెడతారు. చుట్టూ మావయ్యగారు, పక్కింటి పిన్నిగారు, రొయ్యల చెరువు కాపలా ఆయన, అందరూ చేరతారు. "ఏమే నవ్యా, నువ్వూ మాట్లాడు" అని అంతా నా వైపే చూస్తారు. నేను "బాగున్నారా" అంటాను. మీరు "బాగున్నాను" అంటారు. ఆ ఒక్క మాట కోసం వారమంతా ఎదురుచూడటం నాకు బాగోలేదు. అందుకని రాస్తున్నాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా నా చేతిరాత బాగుంటుందని మా టీచరుగారు అనేవారు.

కర్నూలులో మీ మొదటి ఆటని మావయ్యగారు ఫోనులోంచి టీవీకి కలిపి చూపించారు. మన పక్కనే ఉన్న గుడివాడ క్లబ్బువాళ్ళు ఎన్నేళ్ళ నుంచో ఫస్ట్ డివిజన్లో ఉన్నారని విర్రవీగుతారట, ఇన్నాళ్ళకి మన బందరు తీరం క్లబ్బు కూడా ఆ మెట్టెక్కిందని ఆయన వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పారు. చివర్లో మీరు పక్కకి దూకి బంతిని బయటికి నెట్టేస్తే అత్తయ్యగారు మంచం మీంచి లేచి నుంచున్నారు. నేను గుమ్మం పక్కన ఎలాగూ నుంచునే ఉన్నాను. ఒక్క గోలూ పడలేదు. రెండు జట్లూ సమానం అన్నారు.

ఆట అయ్యాక అత్తయ్యగారు ఒక మాట అన్నారు. "మా అన్నయ్య కూతురు హాసిని అయితే ఈపాటికి బందరంతా స్వీట్లు పంచేసేది" అని. హాసిని మీకు మరదలని నాకు తెలుసు. మీకు చేసుకుందామని ఒకప్పుడు అనుకున్నారనీ తెలుసు. మన పెళ్ళయి ఆరు నెలలు అవుతున్నా ఆ పేరు వినకుండా ఒక్క వారం గడవలేదు. ఇది ఫోనులో చెప్పలేను కదా, అందుకని ఇక్కడ రాశాను.

వేళకి తినండి.

మీ
నవ్యశ్రీ


మచిలీపట్నం,
ఆగస్టు 25.

నవ్యా,

నీ ఉత్తరం చూసి ఎవరూ నవ్వలేదు. హాస్టలు మొత్తంలో నాకొక్కడికే ఉత్తరం వచ్చిందని కుళ్ళుకున్నారు. మా రెండో గోల్‌కీపరు సుహాస్ కవరు వాసన చూసి "అన్నా, రొయ్యల మేత వాసనొస్తోంది" అన్నాడు. వాడి వీపు మీద ఒకటిచ్చాను.

కర్నూలులో మేం ఆడింది ఏమీ లేదు, అదృష్టం ఆడింది. పోయినేడు సెకండ్ డివిజన్లో కొట్టేవాడి కాలు చూసి ఎటు దూకాలో తెలుసుకునేవాణ్ణి. ఇక్కడ కాలు చూసేలోపు బంతి వల్లో ఉంటుంది. కింది రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ సెకండ్ డివిజన్‌కి పోవాలి. ఆ రెండిట్లో లేకపోతే చాలు, అదే మనకి కప్పు అంటున్నారు కోచ్ గారు.

నాకున్న భయం అది కాదు. నాకు ఇరవై తొమ్మిది. సుహాస్ నాకంటే ఏడేళ్ళు చిన్న, నాకంటే పొడుగు. నేను ఒక్క ఆటకి పక్కన కూర్చున్నానా, ఆ గోలు ముందు మళ్ళీ నుంచోనివ్వరు. ఎన్నో ఏళ్ళు ఎండలో దూకింది ఈ ఒక్క సీజను కోసం.

హాసిని సంగతి మనసులో పెట్టుకోకు. ఇక్కడ ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. బెణుకులకీ దెబ్బలకీ మా జట్టు అక్కడికే వెళ్తుంది. ఆమె ఉంటే అందరం నవ్వుతూనే ఉంటాం. మొన్న వాళ్ళింటి నుంచి గోంగూర పచ్చడి తెచ్చింది. నీ గురించి కూడా అడిగింది. నువ్వూ ఆమెలాగ కాస్త హుషారుగా ఉంటే స్పీకరు ఫోనులోనైనా మాట్లాడేస్తావు.

సెప్టెంబరు 7న బందరు గ్రౌండులో మా మొదటి ఆట. టీవీ ఎదురుగా కూర్చో, గుమ్మం పక్కన కాదు.

రాజీవ్


కోడూరు,
సెప్టెంబరు 8.

ఏమండీ,

మీరు చెప్పినట్టే టీవీ ఎదురుగా కూర్చున్నాను. కూర్చోకుండా ఉంటే బాగుండేది.

మీ క్లబ్బులో సొంత గ్రౌండులో ఆటకి ముందు గోలు స్తంభం దగ్గర రాయి మీద గోల్‌కీపరే కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ కదా. పెళ్ళిచూపులకి ముందు మా నాన్న చూపించిన వీడియోలో కూడా మీరు ఆ పనే చేస్తున్నారు. ఒక్క దెబ్బకి రెండు చిప్పలు సమంగా పగిలాయి. మిమ్మల్ని నేను మొదటిసారి చూసింది అలాగే.

నిన్న పళ్ళెంలో కాయ పట్టుకుని నుంచున్నది హాసిని. ఆకుపచ్చ చుడీదారు వేసుకుంది. మీరు కాయ అందుకోబోతుంటే ఆమె మీ చెవి దగ్గరికి వచ్చి ఏదో చెప్పింది. మీరు తల ఊపి కాయని సుహాస్‌కి ఇచ్చేశారు. అతను కొట్టాడు. వెంటనే మీ జట్టువాళ్ళు కేకలు వేసి మిమ్మల్ని పైకెత్తేశారు.

ఇక్కడ అత్తయ్యగారు నా వైపు తిరిగి, "పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు కాయ కొట్టకూడదు. నా కొడుక్కి ఆమాత్రం పద్ధతి తెలుసు. నాతో చెప్పడానికి నీకేమయిందే?" అన్నారు. పక్కింటి పిన్నిగారు "అమ్మదొంగా" అని నా బుగ్గ గిల్లారు. మావయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నా చెవులు కాలిపోయాయి. తల దించుకున్నాను. నాది సిగ్గు. వాళ్ళు దాన్ని అవునన్నట్టు తీసుకున్నారు.

సాయంత్రం మీ ఫోను వచ్చినప్పుడు చెప్తారు కదా అనుకున్నాను. "ఏరా, కాయ ఎందుకు కొట్టలేదో మాకు తెలిసిపోయిందిలే" అన్నారు అత్తయ్యగారు. మీరు "అదేలేమ్మా" అని నవ్వారు.

ఏమండీ, నేను కడుపుతో లేను. ఉంటే మొదట మీకే చెప్పేదాన్నని మీకూ తెలుసు. మరి కాయ ఎందుకు కొట్టలేదు? హాసిని మీ చెవిలో ఏం చెప్పింది?

మూడు గోల్స్ పడ్డాయి, ఒకటి వేశారు. ఆట సంగతి నేను సరిగ్గా చూడలేదు.

నవ్యశ్రీ


మచిలీపట్నం,
సెప్టెంబరు 15.

ప్రియమైన నవ్యశ్రీకి,

నీ ఉత్తరం అందింది. నేను క్షేమంగా ఉన్నాను. కొబ్బరికాయ విషయం తీరిగ్గా చెప్తాను, ఇప్పుడు కుదరదు. అంతవరకూ అమ్మని అలాగే అనుకోనివ్వు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. హాసిని చెవిలో చెప్పింది ఆటకి సంబంధించిన మాట, అంతకు మించి ఏమీ లేదు. నువ్వు అనవసరంగా ఆలోచించి ఆరోగ్యం పాడుచేసుకోకు.

నిన్న అనంతపురంలో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మా జట్టు అందరికంటే కింద ఉంది.

ఆశీస్సులతో,
రాజీవ్


కోడూరు,
సెప్టెంబరు 20.

ఈ ఉత్తరం ఎవరు చదువుతున్నారో తెలియదు కాబట్టి ఇద్దరికీ నమస్కారం.

మీ రాత నాకు తెలుసు. అక్షరాలు గాలికి వరి పడిపోయినట్టు కుడివైపుకి వాలిపోతాయి. మొన్న వచ్చిన ఉత్తరంలో ఒక్కో అక్షరం ముత్యంలాగ గుండ్రంగా ఉంది. అది ఆడపిల్ల రాత. "ప్రియమైన నవ్యశ్రీకి" అని మీరు నన్ను ఎప్పుడూ పిలవలేదు. "ఆశీస్సులతో" అని భార్యకి ఎవరు రాస్తారండీ?

అంటే నేను రాసినవన్నీ ఆమె చదువుతోందన్నమాట. ఆ పేరు వింటే నాకెలా ఉంటుందో నేను రాసుకున్నది కూడా ఆమె చదివింది. మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను కాబట్టే కాగితం మీద పెట్టాను. ఆ కాగితాన్ని తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టారు.

ఎవరికీ నష్టం లేదన్నారు. ఇక్కడ ఎలా ఉందో చెప్తాను వినండి. నన్ను బిందె ఎత్తనివ్వరు. గడప మీద కూర్చోనివ్వరు. మావయ్యగారు అవనిగడ్డ వెళ్ళిన ప్రతిసారీ దానిమ్మపళ్ళు తెస్తారు, నోరు తెరిచి ఎందుకో చెప్పరు, గూట్లో పెట్టి వెళ్ళిపోతారు. ఆయన ముఖం చూసి ఆ పళ్ళు తినడం నావల్ల కావడం లేదు, తినకపోవడమూ కావడం లేదు. ఈ నెల నాకు కడుపునొప్పి వచ్చినప్పుడు పడుకునే వీలు కూడా లేకపోయింది. పెరట్లో ఎవరూ లేనప్పుడు చూసుకుని గుడ్డలు ఉతుక్కుని గడ్డివాము వెనక ఆరేసుకున్నాను. దొంగతనం చేసినట్టు అనిపించింది.

లేదని ఒక్క మాట చెప్పేస్తే పోతుంది కదా అంటారేమో. చెప్పబోయి ఆగిపోయాను. నేను కాదు అని చెప్పిన మరుక్షణం "మరి వాడు ఎవరి కోసం కాయ కొట్టలేదు?" అని అడుగుతారు. పక్కింటి పిన్నిగారు అయితే అడగరు, ఊరంతా చెప్తారు. పళ్ళెం పట్టుకుని నుంచున్న మనిషిని అందరూ టీవీలో చూశారు. నాకు తెలియని జవాబు నేనేం చెప్పను?

మీరు రాయండి. మీ చేత్తో రాయండి.

నవ్యశ్రీ


మచిలీపట్నం,
సెప్టెంబరు 27.

నవ్యా,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. చదవలేకపోతే తిట్టుకో.

కుడిచేతి ఉంగరం వేలు విరిగింది. సెప్టెంబరు మొదట్లో ప్రాక్టీసులో బంతి తిన్నగా వేలికి తగిలింది. బెణికిందని కోచ్ గారికి చెప్పి సాయంత్రం హాసిని దగ్గరికి వెళ్ళాను. డాక్టరుగారు లేనప్పుడు ఎక్స్‌రే తీసింది. ఎముక చిట్లింది. కట్టు కట్టి ఆరు వారాలు కదపకూడదంది. ఆరు వారాలంటే నాకు సీజను అయిపోయినట్టే. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. ఆమె రోజూ వచ్చి విరిగిన వేలినీ పక్క వేలినీ కలిపి టేపు చుడుతుంది. పైన గ్లవ్స్ వేసుకుంటే ఎవరికీ కనపడదు.

ఆ రోజు ఆటకి ముందు టేపు చుట్టడానికి వచ్చిన హాసినికే ఎవరో పళ్ళెం ఇచ్చారు. కాయ మాత్రం గ్లవ్స్‌తో కొట్టలేను కదా. కోచ్ గారు పక్కనే ఉన్నారు, కెమెరా ఉంది. "బావా, నువ్వు కొట్టావంటే వేలు రెండు ముక్కలవుతుంది" అంది హాసిని. అదే ఆమె చెవిలో చెప్పింది. ఏం చెయ్యాలో తోచక సుహాస్‌కి ఇచ్చాను. వాళ్ళు నన్ను ఎత్తుకుని "తండ్రివవుతున్నావ్" అని అరిచేదాకా నాకూ ఆ సంగతి గుర్తు రాలేదు. తర్వాత అనిపించింది, ఇది దేవుడిచ్చిన సాకు అని. ఇక సీజనంతా నన్ను కాయ కొట్టమని ఎవరూ అడగరు.

పెన్ను పట్టుకోలేక ఆ ఉత్తరం ఆమెతో రాయించాను. తప్పే.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావు. నీకు చెప్తే నీ ముఖంలో అమ్మ చదివేస్తుంది. అమ్మకి తెలిస్తే కోడూరుకి తెలుస్తుంది, కోడూరుకి తెలిస్తే బస్సెక్కి బందరు వస్తుంది. ఇంకొన్ని ఆటలు ఓపిక పట్టు. నవంబరు మధ్యకి సీజను అయిపోతుంది. ఆ తర్వాత నేనే ఏదో ఒకటి చెప్తాను.

నువ్వు తప్ప నాకెవరున్నారు.

రాజీవ్


కోడూరు,
అక్టోబరు 6.

ఏమండీ,

నేను తప్ప ఎవరూ లేరన్నారు. మీ వేలు విరిగిన సంగతి తెలిసిన మనిషి ఒకరే, అది నేను కాదు. రోజూ మీ చెయ్యి పట్టుకుని టేపు చుట్టే మనిషి ఒకరే, అదీ నేను కాదు.

మీ ఉత్తరం చదవగానే ముందు నాకు సంతోషం కలిగింది. మీ వేలు విరిగిందంటే సంతోషించాను, చూడండి నా బుద్ధి. నేను భయపడినది కాదు కదా అని. ఆ సంతోషం పొయ్యి మీద పాలు పొంగేంతసేపు కూడా లేదు. హాసినితో మీకేమీ లేదని నమ్ముతున్నాను. అయినా కడుపులో మంట తగ్గలేదు. నొప్పి పుట్టినప్పుడు మీకు గుర్తొచ్చింది ఆమె. నా ముఖంలో అత్తయ్యగారు చదివేస్తారని నాకు చెప్పలేదన్నారు. నెల రోజులుగా లేని బిడ్డని మోస్తున్నాను, నా ముఖంలో ఎవరు ఏం చదివారు?

నిన్న మీరు నాలుగు గోల్స్ తిన్నారు. రెండోది మీ చేతుల్లోకి వచ్చి జారిపోయింది. ఎందుకు జారిందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పిన్నిగారు ఏమన్నారో తెలుసా? "ఈ బిడ్డ పడిన వేళ బాగోలేదు జానకీ. కడుపున పడ్డ దగ్గర్నుంచీ గోల్సే గోల్స్" అన్నారు. అత్తయ్యగారు ఆవిడ మీద గయ్యిమని లేచారు. "నా మనవడిని అన్నావంటే మర్యాద దక్కదు" అన్నారు. పుట్టని బిడ్డ కోసం ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి మజ్జిగ చిలుకుతూ కూర్చున్నాను. నాకు ఆ బిడ్డ మీద జాలి వేసింది. లేని బిడ్డ మీద జాలేమిటని మీరు అడిగితే చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి. మూడో నెల అని లెక్క కట్టి అత్తయ్యగారు మా అమ్మకి ఫోను చేశారు. ఈ నెల 19న అమ్మ పామిడిముక్కల నుంచి చలిమిడి తీసుకుని వస్తోంది. ముత్తయిదువులని పిలిచి, చీర పెట్టి, నా ఒళ్ళో ఆ పిండి కడతారు. అత్తయ్యగారిని మోసం చెయ్యడమే నాకు కష్టంగా ఉంది. ఇక మా అమ్మ చేతి చలిమిడికి అబద్ధంతో ఒడి పట్టలేను.

19 లోపల మీరు చెప్పండి. ఆదివారం ఫోనులోనే చెప్పండి. స్పీకరు ఉంటుంది కాబట్టి అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఇట్లు,
నవ్యశ్రీ


మచిలీపట్నం,
అక్టోబరు 13.

నవ్యా,

నిన్న ఫోనులో చెప్పలేదని కోపంగా ఉండి ఉంటావు. చెప్పలేను. నిన్న మేం గెలిచాం, ఈ సీజన్లో ఇదే మొదటి గెలుపు. కింది నుంచి మూడో స్థానానికి వచ్చాం. చివర్లో బంతిని పిడికిలితో కొట్టి బయటికి పంపాను. నొప్పికి కళ్ళు తిరిగాయి. కానీ గ్రౌండులో జనం నా పేరు పిలిచారు. ఇన్నేళ్ళలో అది మొదటిసారి. ఇప్పుడు మానెయ్యమంటావా?

చలిమిడి అంటే ఏముంది, బియ్యప్పిండీ బెల్లమూ. తిను. నీకు ఒక పూట ఇబ్బంది, నాకు నా ఆట. హాసిని అయితే అర్థం చేసుకునేది.

నా మాట విను.

రాజీవ్


కోడూరు,
అక్టోబరు 22.

ఏమండీ,

మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా ఎలా జరిగిందో నేనే చెప్పాలి.

అమ్మ స్టీలు డబ్బా నిండా చలిమిడి తెచ్చింది. దారిలో బస్సు కుదుపులకి ఎక్కడ చెదిరిపోతుందోనని ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట. ముత్తయిదువులు వచ్చారు. పిన్నిగారిని కూడా అత్తయ్యగారు వెళ్ళి పిలుచుకొచ్చారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకి పసుపు రాశారు. అమ్మ నా కొంగు పట్టుకుని పిండి పెట్టబోయింది. 

"అమ్మా, ఆగు. నేను కడుపుతో లేను" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా. మళ్ళీ అన్నాను, ఈసారి వీధిలోకి కూడా వినపడింది.

పిన్నిగారు దగ్గరికి జరిగి "పోయిందా తల్లీ?" అన్నారు మెల్లగా.

"పోలేదు పిన్నిగారూ. మొదటినుంచీ లేదు."

"మరి ఆ రోజు అవునన్నావు కదే?" అన్నారు అత్తయ్యగారు.

"నేను అనలేదు అత్తయ్యగారూ. మీరన్నారు. నేను తల దించుకున్నాను."

"మరి వాడు కాయ ఎందుకు కొట్టలేదు?"

ఆ ప్రశ్న వస్తుందని నెల పైగా భయపడ్డాను. వచ్చాక అంత భయం వెయ్యలేదు. "వేలు విరిగింది. విరిగిన వేలితోనే ఆడుతున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు" అన్నాను.

అమ్మ "ఏ వేలు?" అంది. తర్వాత డబ్బా మూత వెతుక్కుంది. మావయ్యగారు అరుగు మీద నుంచి అంతా విన్నారు. ఫోను తీసుకుని చెరువుగట్టు మీదికి వెళ్ళి మీ మేనేజరుగారితో చాలాసేపు మాట్లాడారు. కేకలు ఇక్కడికి వినపడ్డాయి. నేను ఆపలేదు. ఆపుదామని కూడా అనుకోలేదు.

ముత్తయిదువులు తాంబూలాలు తీసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అత్తయ్యగారు దీపాలవేళ దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక గిన్నెలో చలిమిడి పెట్టి నా ముందు పెట్టారు. "పిండి పాడవుతుంది, తిను" అన్నారు. ఆవిడ కూడా కొంచెం తిన్నారు. తింటూ కళ్ళు తుడుచుకున్నారు.

మీ చెయ్యి బాగుండాలని చెప్పేశానని రాస్తే నేను మంచిదాన్నవుతాను. అది నిజం కాదు. హాసిని అయితే అర్థం చేసుకునేది అని మీరు రాయకపోయి ఉంటే నేను ఆ రోజు ఒడి పట్టి ఉండేదాన్నేమో. కుళ్ళుతో చెప్పాను. మీ ఆట పోతుందని తెలిసే చెప్పాను. చెప్పాక చాలా ఏడ్చాను. కానీ చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపించడం లేదు.

మీరు ఏం రాసినా చదువుతాను.

నవ్యశ్రీ


మచిలీపట్నం,
నవంబరు 17.

నవ్యశ్రీకి,

ఇన్నాళ్ళూ కోపంతో రాయలేదు. ఫోను కూడా అందుకే చెయ్యలేదు. అమ్మ మేనేజరుగారి ద్వారా కబురు కనుక్కుంటోందని తెలుసు.

హాసిని వాళ్ళ నాన్న, మావయ్యే దగ్గరుండి ఆపరేషను చేయించాడు. వేలులో తీగ పెట్టారు. ఇంకో నెల అలాగే ఆడి ఉంటే ఆ వేలు జన్మలో వంగేది కాదన్నారు డాక్టరుగారు. ఈ మాట నీకు రాయమని హాసిని చాలాసార్లు చెప్పింది. నాకు రాయబుద్ధి కాలేదు. ఎక్స్‌రే సంగతి తెలిసి ఆసుపత్రివాళ్ళు ఆమెని బాగా మందలించారు. అది కూడా నీవల్లే అనుకున్నాను.

నేను పక్కన కూర్చున్న దగ్గర్నుంచి సుహాస్ ఆడాడు. మొదటి రెండు ఆటల్లో ఒక్క గోలూ తినలేదు. నిన్న చివరి ఆట, బందరులోనే, గుడివాడ వాళ్ళ మీద. డ్రా అయినా చాలు, ఫస్ట్ డివిజన్లో నిలబడతాం. ఓడితే కిందికి పోతాం. గ్రౌండులో చెట్లెక్కి చూశారు జనం. ఒకటీ ఒకటీ మీద ఉండగా, ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా, గుడివాడ వాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు.

నవ్యా, ఇది ఎవరికీ చెప్పలేదు. హాసినికి చెప్పలేదు, కోచ్ గారికి చెప్పలేదు. చెప్పను కూడా.

వాడు బంతి పెట్టి వెనక్కి నడుస్తుంటే, అది గోల్లోకి పోవాలని కోరుకున్నాను. నా క్లబ్బు ఓడిపోవాలని, ఊరంతా ఏడవాలని, "రాజీవ్ ఉంటే ఆపేవాడు" అని ఒక్కడైనా అనాలని కోరుకున్నాను. దేవుడికి కూడా మొక్కాను. సుహాస్ ఎడమవైపు దూకి ఆపేశాడు. అందరూ లోపలికి పరిగెత్తారు. నేను అందరికంటే ముందు పరిగెత్తి వాణ్ణి కౌగిలించుకున్నాను, నా ముఖం ఎవరికీ కనపడకూడదని. వాడు "అన్నా, ఇది నీదే అన్నా" అన్నాడు. వాడి భుజం మీద ఏడ్చాను. ప్రేమతో అనుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర నీ పాత ఉత్తరం గుర్తొచ్చింది. నొప్పి పుట్టినప్పుడు గుర్తొచ్చింది ఆమె, నేను కాదు అన్నావు. అప్పుడు అది వట్టి మాటల్లా చదివాను. నా చోట్లో ఇంకొకడు నుంచుంటే ఎలా ఉంటుందో నిన్ననే తెలిసింది.

వచ్చే సీజనుకి మొదటి గోల్‌కీపరు సుహాసే అని మేనేజరుగారు చెప్పేశారు. నన్ను రెండో గోల్‌కీపరుగా ఉంచుతారట. ఇంకో నెల దాకా రోజూ కట్టు మార్పించుకోవాలి కాబట్టి ఇక్కడే మావయ్య ఇంట్లో ఉండమంటున్నారు. నువ్వు ఏమంటావు?

రాజీవ్


కోడూరు,
నవంబరు 20.

ఏమండీ,

మీ ఉత్తరం పోస్టుమ్యాన్ దగ్గర నేనే అందుకున్నాను. చదివాను. మీరు రాసినది నా దగ్గరే ఉంటుంది. ఆట చూస్తున్నప్పుడు "మొదట పరిగెత్తింది మా వాడే, ఎంత మంచి మనసో" అని అత్తయ్యగారు అందరికీ చూపించారు. పక్కనే ఉన్న పిన్నిగారు కూడా అవునవును అన్నారు, ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. నిన్న ఉత్తరం చదివాక కూడా నేను వాళ్ళకి ఏమీ చెప్పలేదు. నా ముఖంలో ఎవరూ ఏమీ చదవలేదు.

మీరు అలా కోరుకున్నందుకు మిమ్మల్ని ఏమీ అనను. మీ వేలు విరిగిందంటే సంతోషించినదాన్ని, నేనేమంటాను.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. కార్తీక పౌర్ణమికి పాలకాయతిప్పలో సముద్రస్నానానికి మీ బందరు మావయ్యగారి కుటుంబం వచ్చింది. హాసినీ వచ్చింది. తడి బట్టలతో ఇసకలో నా పక్కన కూర్చుంది. నాకంటే పెద్దదయినా బావ భార్యనని నన్ను అక్కా అంటుంది. మందలింపు సంగతి తను ఎత్తలేదు, నేనే అడిగాను.

"తీశాను కాబట్టి తిట్టారు. అందులో నువ్వేం చేశావక్కా" అంది. తడి జుట్టు పిండుకుంటూ, "ఆ ఉత్తరం రాసింది నేనే. నీది మాత్రం నేను చదవలేదు. ఏం రాసిందో చూపించు బావా, చూడకుండా జవాబెలా రాస్తారు అన్నాను. చొక్కా లోపల పెట్టేసుకున్నాడు. నేను చెప్పింది రాయి చాలు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే ఆశీస్సులతో అని నా అంతట నేనే రాశాను" అంది.

నేను "అలాగా" అన్నాను. ఆ మాట విని ఎంత సంతోషించానో ఆమెకి తెలియనివ్వలేదు. తలకి తువ్వాలు మాత్రం ఇచ్చాను.

ఇక మీరు అడిగినదానికి జవాబు. మీరు మీ మావయ్యగారి ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేదు. కారణం మీకు తెలుసు, నేను దాచుకోవడం లేదు. గ్రౌండు దగ్గర ఒక గది చూడమని ఇక్కడ మన మావయ్యగారు మేనేజరుగారికి ఫోను చేశారు, చెయ్యమని నేనే అడిగాను. అత్తయ్యగారు పది రోజులకి సరిపడా పచ్చళ్ళు కడుతున్నారు. ఆదివారం పొద్దున్న బస్సెక్కుతాను. అవనిగడ్డలో మారాలని తెలుసు. ఎవరూ తోడు రానక్కర్లేదన్నాను.

సుహాస్‌ని ఒకరోజు భోజనానికి పిలవండి. అతని మీద మీకు కోపం తగ్గేదాకా ఆగితే ఎప్పటికీ పిలవరు, కాబట్టి తగ్గకముందే పిలవండి. రొయ్యల వేపుడు చేస్తాను.

కట్టు ఎలా మార్చాలో నేను వచ్చిన రోజు సాయంత్రం హాసినిని వచ్చి చూపించమనండి. టీ పెట్టి ఇస్తాను, మర్యాదకి ఏ లోటూ చెయ్యను. ఒక్కసారి చూస్తే నాకు వచ్చేస్తుంది. మర్నాటి నుంచి తను రానక్కర్లేదని ఆమెతో నేనే చెప్పుకుంటాను. ఆ మాట మీరు చెప్పొద్దు.

నవ్యశ్రీ